కంట్లో కిటికీ

కోయిలకుంట్లలో స్టూడియో మూసేసి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి కొత్తగా కెమెరా కొన్న పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. పద్మక్క ఖాళీగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆ మాట అబద్ధమేమీ కాదు. టీ పెట్టి ఇస్తాను, వాళ్ళు ఫోన్లలో తీసిన ఫోటోలు చూపిస్తారు. లెన్సుల గురించీ లైట్ల గురించీ నాకు పాఠం చెప్తారు. ఆ పాఠం అయ్యాక అందరూ అడిగేది మాత్రం ఒకటే.

"అక్కా, ఎన్నేండ్లయినా పాతబడకుండా ఉండాలంటే ఏ స్టైల్ పట్టుకోవాల?"

టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. అందుకే ఇలా రాస్తున్నాను. ఏ కెమెరా మంచిది, స్టూడియో ఎలా నడపాలి, గిరాకీలు ఎలా వస్తాయి అనేవి ఇందులో ఉండవు. అవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. జీవితమంతా మనుషుల మొహాలు తీసినదాన్ని కాబట్టి మొహాల గురించి మాత్రం నాలుగు మాటలు చెప్తాను.

పోయిన పుట్టుమచ్చ

నేను ఈ పనిలోకి వచ్చింది ఒక పోట్లాట వల్ల. టైపు పరీక్షకు ఫోటో కావాల్సి వచ్చి, బజారు వీధిలో దస్తగిరి సాబ్ స్టూడియోకు వెళ్ళాను. మరుసటి రోజు ఫోటో చేతికిచ్చారు. చూస్తే నా గడ్డం మీది పుట్టుమచ్చ లేదు. అక్కడ పెన్సిలుతో నెగెటివులు దిద్దే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన్నే అడిగాను.

"తీసేసినా లేమ్మా. బాగుంటాదని."

"మీ బాగు నాకెందుకు? నా మచ్చ నాకియ్యండి" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. మా గొంతులు విని లోపలి నుంచి సాబ్ బయటికి వచ్చి సంగతి తెలుసుకుని నవ్వారు. "ఆ పాప చెప్పేది నిజమే గదప్పా. పరీక్ష రాసేది ఈయమ్మా, నువ్వు గీసిన ఆయమ్మా?" అని పెద్దాయన్ని అడిగారు. నా మచ్చతో ఇంకో ఫోటో ఇప్పించారు.

కొన్నాళ్ళకు ఆ పెద్దాయన బళ్ళారిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మచ్చ పాపకు పని మీద మనసుంటే పంపించమని సాబ్ మా నాన్నకు కబురు పెట్టారు. ఫోటోలు కడిగే చీకటి గదిలో ఆడపిల్ల పని చేయడమేమిటని నాన్న వెళ్ళి అడిగితే, "చీకటి గదికి లోపల గడియ ఉండాది, తాళంచెవి గూడా మీ పాప దగ్గరే ఉంటాది. నేను పోవాలన్నా తలుపు తట్టే పోతా" అన్నారట. ఆయన ఆ మాట చివరిదాకా నిలబెట్టుకున్నారు. టైపు పరీక్ష తప్పాను, ఈ పనిలో కుదిరిపోయాను.

మొదటి రోజు పెన్సిలు చేతికిస్తూ సాబ్ చెప్పింది ఇంతే. "బేటీ, వారంలో పోయేది నువ్వు తీసెయ్. పోనిదాన్ని ముట్టుకోవద్దు." మొటిమ, సెగగడ్డ, క్షవరంలో తెగిన గీత లాంటివి వారంలో పోతాయి. పుట్టుమచ్చ, గాటు, పచ్చబొట్టు, కంటి కింద ముడత మనిషితోనే ఉంటాయి. ఇప్పుడు మీ ఫోన్లలో ఒక వేలు ఆనిస్తే మొహమంతా ఇస్త్రీ చేసినట్లు అయిపోతోంది. ఆ వేలు ఆనించే ముందు ఈ మాట ఒకసారి అనుకోండి. నాకు ఇంతకంటే మంచి సూత్రం ఇప్పటిదాకా దొరకలేదు.

సాబ్ గది

సాబ్ ఫోటోలు తీసేది మిద్దె మీది గదిలో. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉండేది. దానికి పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు. కింది రెక్కలు ఎప్పుడూ మూసే ఉంచేవారు. పైవి తెరిస్తే వెలుతురు ఏటవాలుగా దిగి మొహం మీద మెత్తగా పడేది. సున్నం కొట్టిన గోడ, ఆనుకోవడానికి వీల్లేని ఒక బల్ల. ఆ గదిలో ఇంకేమీ ఉండేవి కావు.

ఆ రోజుల్లో మిగతా స్టూడియోల్లో గిరాకీల కోసం ఒక కోటు, ఒక టై, ప్లాస్టిక్ ఫోను పెట్టుకునేవారు. పొలం నుంచి వచ్చిన మనిషి ఆ కోటు తగిలించుకుని, ఫోను చెవికి ఆనించి కూర్చునేవాడు. సాబ్ దగ్గర అలాంటివి లేవు. పైగా వచ్చినవాళ్ళ ఒంటి మీద వస్తువు చూసి, "ఇది నీదేనా అప్పా?" అని అడిగేవారు. బామ్మర్ది గడియారమో పక్కింటివాళ్ళ గొలుసో అయితే తీసి పక్కన పెట్టమనేవారు. కొందరు అలిగి వెళ్ళిపోయేవారు కూడా. సాబ్ వాళ్ళను పిలిచేవారు కాదు. అది గర్వమే. ఆయనలో నాకు నచ్చని గుణం అదొక్కటే, అది నాకూ అంటుకుంది.

నవ్వమని మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు. చెంబుతో నీళ్ళిచ్చి, వానల గురించో శనక్కాయ పంట గురించో మాట్లాడేవారు. మాటల్లో పడ్డాక ఆ మనిషి మొహం తన దారికి తాను వచ్చేది. అప్పుడు తీసేవారు. "నవ్వు అడిగితే ఇచ్చే సామానా బేటీ" అనేవారు.

ఒకసారి మహానంది నుంచి ఒక కుటుంబం నేరుగా మా దగ్గరికి వచ్చింది. తాత మొదలుకొని చంటిబిడ్డ దాకా అందరూ తలనీలాలిచ్చి, గుండ్ల మీద గంధం పూసుకుని ఉన్నారు. మొక్కు తీరింది, అందరం కలిసి ఫోటో తీయించుకుంటాం అన్నారు. నేను తెలివిగా, "వెంట్రుకలు వచ్చినాక రండి, ఇట్ల తీసుకుంటే రేపు మీకే నగుబాటు" అన్నాను. సాబ్ పద్ధతి ప్రకారమే చెప్పాననుకున్నాను. గుండు కూడా పోయేదే కదా మరి.

సాబ్ నా వైపు చూడకుండానే వాళ్ళను మిద్దె ఎక్కించారు. వాళ్ళు వెళ్ళాక అన్నారు, "మొటిమ దానంతటది వచ్చింది. ఆ గుండ్లు వాండ్లు కావాలని చేయించుకున్యారు. ఆ బిడ్డ బతకాలని మొక్కుకున్యారంట. వెంట్రుకలతో ఫోటో ఎప్పుడైనా దొరుకుతాది." ఆ ఫోటో చాలాకాలం మా స్టూడియో అద్దాల బీరువాలో ఉండేది. దాన్ని చూసి నవ్విన మనిషి నాకు గుర్తులేడు. గంధం పూసిన ఆ గుండ్లన్నీ వరసగా ఎంత బాగుండేవో చెప్పలేను.

పాతగా కనపడేది, పాతబడనిది

సాబ్‌కు చూపు తగ్గాక స్టూడియో నాకు అప్పగించారు. మిద్దె మీది గది వదిలేసి కింద వీధిలోకి దిగాను. రంగు తెరలు, జలపాతాలు, మంచుకొండలు అన్నీ కట్టాను. జనం అడిగారు, నేను చేశాను, ఇల్లు గడిచింది. అందులో సిగ్గుపడేదేమీ లేదు. రాయచోటి నుంచి మా ఊరి అల్లుడైన ఒక పెళ్ళికొడుకు, తామిద్దరినీ గాజు గ్లాసులో ఉన్నట్లు చేయమన్నాడు. చేసి ఇచ్చాను. భార్యాభర్తలిద్దరూ గ్లాసులో ఐసు ముక్కల మాదిరి తేలుతూ ఉంటారు.

ఈ మధ్య ఆ గ్లాసు ఫోటో తీసుకుని వాళ్ళ కూతురు వచ్చింది. ఇంటిల్లిపాదీ కడుపుబ్బ నవ్వుకున్నారట. మేమిద్దరం కూడా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక, "ఆంటీ, అప్పుడు మా అమ్మ మొహం సరిగ్గా కనపడే ఫోటో ఒకటన్నా ఉందా? ఇందులో గోరంత ఉంది" అంది. నా దగ్గర లేదు. గ్లాసు మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, మీకు కోపం వచ్చినా సరే. ఈమధ్య పెళ్ళివాళ్ళను లాంతర్లు పట్టించి, ఎడ్లబండి ఎక్కించి, గోధుమరంగు పులిమి, ఇది ఎప్పటికీ పాతబడని స్టైల్ అంటున్నారు. ఆ పిల్ల బండి ఎక్కింది ఆ రోజే, దిగింది ఆ రోజే. పాతగా కనపడటం వేరు, పాతబడకపోవడం వేరు. మీ లాంతరు రేపటికి నా గ్లాసు అవుతుంది. మొహం పెద్దగా ఉండాలి, వెలుతురు ఒకవైపు నుంచి రావాలి, ఒంటి మీద తన వస్తువులే ఉండాలి, వెనక గోడ నోరు మూసుకుని ఉండాలి. నాకు తెలిసిన స్టైల్ ఇంతే. ఇది చప్పగా ఉంటుందని అంటారు. నిజమే, తీసిన రోజు చప్పగానే ఉంటుంది. దాని విలువ ఎప్పుడు తెలుస్తుందో ఓబులమ్మక్క సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది.

పక్కన కూర్చున్న పరాయి మనిషి

స్టూడియో మూసేద్దామని అనుకుంటున్న రోజుల్లో, పక్క పల్లె నుంచి శేషన్న అనే రైతు వచ్చాడు. వయసు యాభై దాటి ఉంటుంది. మంచి మిద్దె కట్టుకున్నాడు, గృహప్రవేశం దగ్గర పడింది. మొహంలో మాత్రం ఆ సంతోషం లేదు. సంచిలోంచి పెద్ద రంగుల పటం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పాతికేళ్ళ కుర్రవాడు, పక్కన ఒంటి నిండా నగలతో చక్కని పడుచు ఉన్నారు.

"ఈయన మా నాయన మద్దిలేటి. నేను మాయమ్మ కడుపులో ఉండంగనే చేన్లో పాము కరిచి పోయినాడు. ఆయన్ది ఒగే ఒగ ఫోటో ఉండాది. అమ్మదీ నాయన్దీ జోడు ఫోటో లేదక్కా. కొత్తింట్లో ఇద్దర్నీ పక్కపక్కన చూసుకోవాలని నాకు శానా ఆశ. కర్నూల్లో కంప్యూటర్ షాపులో ఇచ్చి, ముసలామె ఫోటో పెట్టి వయసులో ఉండేట్ల చెయ్యమంటి. చేసిచ్చినారు."

"బాగానే చేసినారు గదప్పా."

"బాగుండాదని నేనూ అనుకుంటి. మాయమ్మ చూసి, ఎవరీమె అనె. నువ్వేమ్మా, వయసులో అంటి. నేను కాదు, నా మొగుని పక్కన ఎవతినో కూసోబెట్టినారు అనె. ఆ పొద్దు నుంచి సరిగా అన్నం గూడా తినలే. ఆ పటం గోడకు పెడితే కొత్తింటి గడప తొక్కనంటాంది. ఆమె వచ్చేది లేదంటే ఆ ఇల్లు నాకెందుకక్కా?"

షాపు పిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు. అడిగింది చేశారు. శేషన్న తల్లి ఓబులమ్మక్క వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు. లేని మొహాన్ని కంప్యూటరు మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? ఎవరెవరి అందమో తెచ్చి అతికించింది. ఆ వచ్చిన మనిషి ఆ ఇంటికి పరాయిది.

ఓబులమ్మక్క కొడుకుతో పాటే వచ్చి, లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అడగకుండానే తనే చెప్పడం మొదలుపెట్టింది.

"శనక్కాయ బండి తోలుకోని ఈ ఊరికొచ్చి ఫోటో తీపిచ్చుకోని వచ్చినాడమ్మా ఆయప్ప. నాకు చూపిచ్చి, ఈ తూరి నిన్నూ పిల్చుకోని పోతా, ఇద్దరం జోడుగా తీపిచ్చుకుందాము అనె. మళ్ళ వానలొచ్చె, ఇత్తనాలొచ్చె. ఆ ఏడే పాయె."

"ఇప్పుడు తీద్దాం అక్కా. నువ్వుండేట్లనే తీస్తా."

"ఏం తీస్తావు లేమ్మా. ఆయప్ప పక్కన నేను కూసుంటే వాళ్ళమ్మ మాదిరి ఉంటా."

కోపమంతా ఆ పటంలోని పడుచు మీద అనుకున్నాను. అసలు భయం ఇదన్నమాట. ఊరికే ఉండలేక, ఆయనది అసలు ఫోటో చూపించమన్నాను. శేషన్న జేబులోంచి తీసి ఇచ్చాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, అంచులు చిరిగింది. తెల్లచొక్కా వేసుకుని, ఏదో అడగబోతున్నట్లు మనవైపే చూస్తున్న కుర్రవాడు. వెనక ఉత్త గోడ. భూతద్దం పెట్టి చూశాను. రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు పైభాగాన చిన్న తెల్లటి చదరం ఉంది.

అది సాబ్ కిటికీ. కింది రెక్కలు మూసి, పై రెక్కలు తెరిచిన కిటికీ. నేను పనిలో చేరక ముందే తీసిన ఫోటో అది, అంతకు ముందు ఎన్నడూ చూసింది కాదు. కానీ ఆ వెలుతురును నేను మా వంటిల్లు గుర్తుపట్టినట్లు గుర్తుపట్టాను. సాబ్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఆయన నా పక్కనే ఉన్నట్లనిపించి కళ్ళు చెమర్చాయి.

"అక్కా, మీ ఆయప్ప ఫోటో తీసిన గది ఈ మిద్దె మీదనే ఉండాది. అదే జాగాలో నిన్ను కూసోబెడతా" అన్నాను.

ఓబులమ్మక్క నా మొహంలోకి చూసింది. "అదే జాగానా?" అంటూ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

ఆ గదిని అప్పటికే ఎరువుల అంగడి నారాయణ బాడిగకు తీసుకుని మూటలు వేసుకున్నాడు. సంగతి చెప్తే తల పట్టుకున్నాడు. "ఏం పద్మక్కా, ఒగ ఫోటో కోసరం ఇన్ని మూటలు జరపాల్నా? కింద నీ లైట్లుండాయి గదా."

"ఉండాయి. ఈ పనికి రావు" అన్నాను.

గొణుక్కుంటూనే లుంగీ ఎగ్గట్టి, శేషన్నతో కలిసి తనే మూటలు మోశాడు. కిటికీ పై రెక్కలు రంగు పట్టేసి బిగుసుకుపోయాయి, రాయి పెట్టి కొడితే వచ్చాయి. గోడ సున్నం పెచ్చులూడిపోయింది కాబట్టి నారాయణ ఇంటి నుంచి ఉతికిన పంచె తెప్పించి వెనక కట్టాం. బల్ల లేదు. రెండు మూటల మీద ఒక చెక్క పలక వేశాం. యూరియా వాసన గుప్పుమంటోంది. పై రెక్కలు తెరిచేసరికి ఆ వెలుతురు వచ్చి పలక మీద పడింది, ఏమీ మారలేదు.

"ఆయప్ప యాడ కూసున్యాడు?" అని అడిగింది ఓబులమ్మక్క.

ఫోటో చేతిలో పట్టుకుని, నీడలు సరిచూసుకుంటూ జాగా చూపించాను. "ఈడ."

అక్కడ కూర్చుంది. మెడలో బంగారు గొలుసు మెరుస్తోంది. నీదేనా అక్కా అంటే కోడలిదని చెప్పి తీసేసింది. నేత చీర, మోచేతి మీద పచ్చబొట్టు, నుదుటి మీద ముడతలు మాత్రం ఆమెవే. నీళ్ళిచ్చాను, తాగింది. పలకను రెండు వైపులా చేత్తో తడిమి చూసుకుంది. కిటికీ వైపు కాసేపు చూసి, తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపు నాకోసం కాదని నాకు తెలుసు. అప్పుడు తీశాను.

ఆయన ఫోటోను పెద్దది చేసి, ఈమెదీ అదే సైజులో, అదే నలుపు తెలుపుల్లో చేశాను. ఆయన చొక్కా మీది మరకలు తీశాను, చిరుగులు పూడ్చాను. మొహాన్ని ముట్టుకోలేదు. ఇద్దరినీ ఒకే పటంలో కలపమని శేషన్న అడిగాడు. చేయడం కష్టమేమీ కాదు. నేను ఓబులమ్మక్కనే అడిగాను.

"కలపొద్దమ్మా. ఎవరి పటంలో వాళ్ళముందాం. పక్కపక్కనే తగిలిచ్చండి, చాలు" అంది.

గృహప్రవేశానికి నన్ను పిలిచారు. ఓబులమ్మక్క వస్తుందో రాదోనని దారంతా నాకు గుబులుగానే ఉంది. నేను వెళ్ళేసరికి నడిమింట్లో గోడకు రెండు పటాలు ఉన్నాయి. కొడుకు కంటే చిన్నవాడైన తండ్రి, ఆ పక్కన తల పండిన తల్లి. వయసు తేడా దాచితే దాగేది కాదు, దాచలేదు కూడా. కానీ ఇద్దరి మొహాల మీదా వెలుతురు ఒకటే, ఇద్దరి కళ్ళలోనూ ఉన్న కిటికీ ఒకటే. ఒకే పొద్దున ఒకే బండి దిగి వచ్చి కూర్చున్నట్లున్నారు.

పాలు పొంగాక ఓబులమ్మక్క కోడలి చెయ్యి పట్టుకుని గడప దాటి లోపలికి వచ్చింది. నేరుగా పటాల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఇల్లంతా చుట్టాలు, పిల్లలు, గోల. ఆమె ఎవరినీ చూడలేదు. కొంగుతో ఆయన పటం అద్దం తుడిచింది.

"ఏమప్పా మద్దిలేటీ" అంది. "జోడుగా తీపిచ్చుకుందామని చెప్పి పోతివి. నేనొచ్చేసరికి ముసల్దాన్నయితి. ఏమనుకోవద్దు."

ఇల్లు సద్దుమణిగింది. మా పక్క ఆ ఈడు ఆడవాళ్ళు మొగుని పేరు నోట పలకరు. మొగుడు పోయినా పలకరు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓబులమ్మక్క మాత్రం మనవడితో మాట్లాడినట్లు ఆ కుర్రవాడితో నవ్వుతూ ఇంకా ఏదో చెప్తూనే ఉంది.

శేషన్న తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మా నాయన పేరు మాయమ్మ నోట ఇనడం ఇదే మొదటి తూరి" అన్నాడు.